ఏడో నంబరు నడుము

పెద్ద బజార్లో మూలమలుపు దగ్గర ఒక చెప్పుల దుకాణం ఉంది. అందులో ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకాయన పనిచేస్తున్నాడు. ఆయన్ని పిల్లలూ పెద్దలూ అందరూ బూట్ల బాబాయ్ అనే పిలుస్తారు. ఆయనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా ఏ మొహమాటమూ లేకుండా బాబాయ్ అనేస్తారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, అది బ్యాంకు వాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

బూట్ల బాబాయ్ సామాన్యుడు కాడు. మీరు గుమ్మంలో అడుగు పెడుతుండగానే ఓసారి మీ మొహం వైపు, రెండుసార్లు మీ కాళ్ల వైపు చూసి, "ఎనిమిది. వెడల్పు పాదం" అనేస్తాడు. కొలత పలక తీయడు. అది కొత్తగా చేరినవాళ్లకనీ, అనుమానం మనుషులకనీ ఆయన ఉద్దేశం. అంతటితో ఆగితే బాగుండేది. మీరు విప్పిన పాత చెప్పుల్ని తిరగేసి, మడమ ఎక్కడ అరిగిందో చూసి, "సంచీ ఎప్పుడూ ఎడమ భుజానికే తగిలిస్తారు కదూ?" అని అడుగుతాడు. నిజమే అయ్యుంటుంది. మీరు నోరు తెరిచేలోగా కుడిమోకాలు నేలమీద ఆనించి, మీ పాదం తన తొడమీద పెట్టుకుని, తాడు ముడివేసేస్తాడు.

"ఊళ్లో అందరి కాళ్లూ పట్టుకున్నాను. కానీ ఏ ఒక్కరి కాళ్లూ పట్టుకుని ఏదీ అడగలేదు" అనేది ఆయన ఏడాదికి నాలుగైదుసార్లు చెప్పుకునే గొప్ప. చెప్పినప్పుడల్లా తనే ముందు నవ్వుతాడు.

ఇంకో గొప్ప కూడా ఉంది. ఉద్యోగంలో చేరాక ఆయన బూట్లు కొన్న పాపాన పోలేదు. దాని వెనక దుకాణం పద్ధతి ఒకటుంది. ముందువైపు అద్దాల అరలో ప్రతి రకానికీ ఒక్క కాలి బూటే పెడతారు. అదీ కుడికాలిదే, అదీ ఏడో నంబరే. ఏడైతే మరీ తెడ్డులా ఉండదు, మరీ బొమ్మలా ఉండదు, చూపుకు ఒద్దికగా ఉంటుందని పాత యజమాని లెక్క. ఏడాది గడిచేసరికి ఆ కుడిది వెలిసిపోతుంది. డబ్బాలో పడుకున్న ఎడమది కొత్తగా మెరుస్తుంటుంది. అలాంటి జతని ఎవరు కొంటారు? అందుకే ఏడాది తిరిగేసరికి నల్లబూట్ల జత ఒకటి బాబాయ్‌కి ఇచ్చేసేవాళ్లు. ఆయన కుడిదానికి రెండు పూతలు, ఎడమదానికి ఒక పూత పాలిష్ పట్టించి, రెంటికీ రాజీ కుదిర్చి వేసుకునేవాడు. కాస్త బిగుతుగా ఉండేవి. "కాస్త బిగుతుంటేనే కాలు చెప్పినమాట వింటుంది" అని సర్దిచెప్పుకునేవాడు. ఇదే మాట ఇంకెవరైనా అంటే మాత్రం వాళ్లను కూర్చోబెట్టి అరగంట పాఠం చెప్పి ఉండేవాడు.

ఇలా నడుస్తుండగా ఒకరోజు పొద్దున్నే నడుం పట్టేసింది.

పట్టేయడం కూడా ఎక్కడ పట్టేసిందంటే, ఒక ఆఫీసరుగారి కుడికాలికి బూటు తొడుగుతుండగా. ఎప్పట్లా వంగాడు, మడమ లోపలికి జారింది, అంతే. వెనక ఎవరో గొళ్లెం పెట్టినట్టయింది. ముందుకు రాలేడు, వెనక్కి పోలేడు. చేతిలో పరాయి మనిషి పాదం. పైన ఆ మనిషి ఎదురుచూపు. బాబాయ్‌కి చెమటలు పట్టాయి. నొప్పికంటే ముందు పరువు గుర్తొచ్చింది. ఇంత దూరం వచ్చి "లేవలేకపోతున్నానండీ" అని ఎలా అంటాడు? అందుకని ఆ పాదాన్నే పట్టుకుని పొగడటం మొదలెట్టాడు.

"మీ వేళ్లు... ఎంత క్రమశిక్షణగా ఉన్నాయండీ!"

"అవునా?" అన్నాడు ఆఫీసరుగారు. ఆయన్ని ఆఫీసులో గానీ ఇంట్లో గానీ ఎవరూ ఇలా మెచ్చుకుని ఉండరు.

"ఒకటి వెనక ఒకటి, వరస తప్పకుండా... మడమ కూడా, చూశారూ, అనవసరంగా పొంగిపోలేదు..."

అలా అయిదు నిమిషాలు గడిచేసరికి గొళ్లెం కాస్త వదులైంది. బల్ల పట్టుకుని లేచాడు. ఆఫీసరుగారు పొంగిపోయి రెండు జతలు తీసుకెళ్లాడు. ఆ రోజు అమ్మకం గురించి దుకాణంలో అందరూ మెచ్చుకున్నారు. ఎలా అమ్మాడో ఆయన ఎవరికీ చెప్పలేదు.

కానీ నడుం నొప్పి దాచుకునే సరుకు కాదు. మొదటి వారం తుమ్ము వస్తే భయం. తుమ్మే ముందు గోడ వెతుక్కోవడం. రెండో వారం వాష్‌బేసిన్ ముందు వంగి మొహం కడుక్కోలేక, నిలబడే కడుక్కుని చొక్కా మార్చుకోవడం. మూడో వారానికి మనిషి మాట మారిపోయింది. ఎప్పుడూ జోకులేసే ఆయన కొళాయి చుక్కలు పడుతున్నాయని కూడా కసురుకున్నాడు. నిద్ర సరిగ్గా పట్టక పొద్దున్నే లేచేసరికే అలసిపోయి ఉండేవాడు. పరుపు తీసేసి చెక్కబల్ల మీద పడుకోమన్నారొకరు. పడుకుంటే నడుముతోపాటు భుజాలు కూడా నొప్పెట్టాయి. బెల్టు పెట్టుకోమన్నారింకొకరు. పెట్టుకుంటే చొక్కా కింద పీపా కట్టుకున్నట్టుంది.

వీటన్నిటికంటే పెద్ద అవమానం బూటు తాళ్ల దగ్గర జరిగింది. ఊరందరికీ తాళ్లు కట్టిన మనిషికి తన తాళ్లు తనకు అందలేదు. గుమ్మంలో గోడకు ఆనుకుని నిలబడితే భార్య కింద కూర్చుని కట్టేది. ఆమె ఒక బడిలో గుమాస్తా. ఏ మాటైనా ఫైలు మీద సంతకం పెట్టినంత ఖచ్చితంగా అంటుంది.

"ఊరందరి సేవా చేసి చేసి, చివరికి మీ ఉద్యోగం నాకిప్పించారు."

"మెల్లిగా... పైవాటా వాళ్లు చూస్తారు."

"చూడనివ్వండి. ముడి బాగా కుదిరింది. నన్ను కూడా మెచ్చుకుంటారు."

ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. వెలుతురుకు పట్టుకుని చూసి, "కింద రెండు పూసల మధ్య కాస్త అరుగుదల ఉంది. మాత్రలు వాడండి, బరువులెత్తకండి" అని తర్వాతి మనిషిని పిలిచాడు. డాక్టరు మామూలుగానే అన్నాడు. విన్నది మాత్రం చెప్పుల మనిషి. అరుగుదల అన్నమాట ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అరిగిన మడమ మళ్లీ పెరగడం ఆయన తన సర్వీసులో చూడలేదు. ఇక తన నడుం పని అయిపోయిందని ఆ క్షణమే తీర్మానించేశాడు. మిగిలింది ఇంకా అరగకుండా చూసుకోవడమేననుకుని, ఆ రోజునుంచి వంగడం పూర్తిగా మానేశాడు. కింద రుమాలు పడితే కాలివేళ్లతో తీసేవాడు. రోజూ దుకాణానికి అరగంట నడిచి వెళ్లేవాడు కాస్తా ఆటో ఎక్కడం మొదలెట్టాడు.

దుకాణం ఇప్పుడు పాత యజమాని కూతురి చేతిలో ఉంది. ముప్పై దాటిన పిల్ల, చురుకైంది. మూడేళ్ల వయసులో ఆమె మొదటి బూట్లు తొడిగింది బాబాయే. అప్పుడు ఆమె ఆయన చెవి కూడా కొరికిందని అంటారు. ఆమె ఒకరోజు ఆయన్ని పక్కకు పిలిచింది.

"బాబాయ్, మీకు నడుం నొప్పి కదూ?"

"ఎవరన్నారమ్మాయ్?"

"మీరు నిన్న ఒక పెద్దాయనకు నిలబడే సైజు చెప్పి, ఆయన్నే వంగి తొడుక్కోమన్నారు. ముప్పై ఏళ్లలో అలాంటిది చూడలేదు."

ఆమె ప్రేమగానే చెప్పింది. గుమ్మం పక్కన చక్రాలున్న మెత్తటి ఆఫీసు కుర్చీ ఒకటి వేయిస్తుందట. ఆయన అందులో కూర్చుని వచ్చినవాళ్లను "రండి రండి" అని పలకరిస్తే చాలట.

"స్కూళ్లు తెరిచే వారం దాకా చూద్దాం. అప్పుడు పిల్లల రద్దీ మీకు తెలిసిందే. అప్పటికీ కుదరకపోతే కింద పనికి శాశ్వతంగా ఇంకొకరిని పెట్టుకుంటాను. మీరు హాయిగా ఆ కుర్చీలోనే ఉండండి. మిమ్మల్ని ఎక్కడికీ పంపను, సరేనా?"

స్కూళ్లు తెరవడానికి అయిదు వారాలుంది. పంపననే మాటకు కృతజ్ఞత చెప్పాలని ఆయనకు తెలుసు. కానీ కింద పని పోతే తను ఉన్నట్టా, లేనట్టా? గుమ్మంలో కూర్చుని రండి రండి అనడానికి ఒక బొమ్మ సరిపోతుంది. బొమ్మకైతే నడుం నొప్పి కూడా రాదు.

కుర్చీలో కూర్చున్నాడు. పొద్దున పదినుంచి సాయంత్రం ఏడు దాకా కూర్చునే ఉన్నాడు. విశ్రాంతి తీసుకుంటే తగ్గాలి కదా? మూడో రోజుకి ఎక్కువైంది. నిలువుగా, గడకర్రలా, పొట్ట బిగబట్టి కూర్చునేవాడు. లేచేటప్పుడు మనిషిని ముక్కలుగా లేపుకోవాల్సి వచ్చేది. ముందు చేతులు, తర్వాత భుజాలు, చివరికి మిగతాది. లోపలికి వస్తున్న ప్రతి పాదాన్నీ చూసి నోట్లోనే నంబరు అనుకునేవాడు. అనుకుని ఏం లాభం?

వారం తిరిగేసరికి భార్య ఊరుకోలేదు. "పదండి. నా మోకాలు బాగుచేసిన ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఉంది. ఇవాళ సెలవు పెట్టేశాను. మీకూ పెట్టేశాను."

"నాదెందుకు పెట్టావ్?"

"ఇవాళ రండి రండి అన్నది నేనని దుకాణంలో చెప్పండి."

ఫిజియో డాక్టరమ్మ గది చిన్నది. రెండు బల్లలు, గోడకు కర్రల నిచ్చెన, మూల ఒక పెద్ద రబ్బరు బంతి, కొక్కేనికి వేలాడుతూ ప్లాస్టిక్ వెన్నెముక. బాబాయ్ లోపలికి రాగానే అలవాటు చొప్పున ఆమె కాళ్లు చూసి, "అయిదున్నర. కుడిపాదం పిసరంత పొడుగు" అన్నాడు.

"నా కాళ్ల సంగతి తర్వాత. మీ నడుం సంగతి చెప్పండి" అంది ఆమె.

ముందు గబగబా చాలా అడిగింది. కాళ్లలో తిమ్మిరి ఉందా, కాలు బలహీనపడి తడబడుతోందా, జ్వరం వస్తోందా, ఊరికే బరువు తగ్గారా. అన్నిటికీ లేదు లేదన్నాడు. తర్వాత మూత్రం మీద అదుపు ఎలా ఉందని అడిగింది. బాబాయ్ భార్య వైపు చూశాడు, ప్లాస్టిక్ వెన్నెముక వైపు చూశాడు, చివరికి బంతికి చెబుతున్నట్టుగా "బాగానే ఉందండీ" అన్నాడు.

"సిగ్గుపడకండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టను, వెంటనే పెద్దాసుపత్రికి పంపిస్తాను. లేవు కాబట్టి ధైర్యంగా మాట్లాడుకోవచ్చు. ఏమంటారు?"

"ధైర్యం ఎక్కడిదండీ? అరిగిపోయింది కదా." ఎక్స్‌రే ముందుకు తోశాడు.

ఆమె చూసి పక్కన పెట్టింది. "మీ వయసువాళ్లను పదిమందిని, నొప్పి లేనివాళ్లనే, తీసుకొచ్చి ఎక్స్‌రే తీస్తే సగం పైన ఇలాగే ఉంటారు. తల నెరిసింది కదా, దానికి నొప్పెట్టిందా? ఇది లోపలి నెరుపు. దీన్ని పట్టుకుని వేలాడకండి. నొప్పి మొదలయ్యే ముందు మీ బతుకులో ఏం మారింది?"

"ఏమీ మారలేదండీ. అదే ఇల్లు, అదే పని."

"అన్నీ మారాయి" అంది భార్య. "నడిచేవారు, మానేశారు. నవ్వేవారు, మానేశారు. మంచం మార్చారు. కుర్చీ ఎక్కారు."

"అవన్నీ నొప్పి వచ్చాక కదా. ముందు ఏం మారింది?" అంది డాక్టరమ్మ.

ఇద్దరూ ఆలోచించారు. దుకాణం ముందుభాగం నిరుడు బాగుచేయించారు. ఎండ పడకుండా వేసిన గుడ్డ పందిరి తీసేసి నిలువెత్తు అద్దం పెట్టారు, లోపల దీపాలు పెంచారు. "దానికీ నా నడుముకీ సంబంధం ఏమిటిలెండి" అన్నాడు బాబాయ్. డాక్టరమ్మ కూడా అవునంది. బూట్లు విప్పి గది ఈ చివరినుంచి ఆ చివరికి నడవమంది. నడిచాడు. బూట్లు వేసుకుని నడవమంది. భార్య తాళ్లు కట్టింది. నడిచాడు.

"మళ్లీ నడవండి."

మళ్లీ నడిచాడు. ఆమె బూట్లు విప్పించి, ఒక కాగితం పరిచి, రెంటినీ తెచ్చి బల్లమీద పెట్టింది. ఎడమది బుద్ధిగా కూర్చుంది. కుడిదాన్ని వేలితో తాకింది. అది అటూ ఇటూ ఊగింది. టక్కు, టక్కు, టక్కు.



పందిరి లేని అద్దాల అరలో ఏడాదంతా పడమటెండకు, దీపాల వేడికి కాలి, అడుగు అట్ట ఎండిన ఆకులా బయటివైపు తిరిగిపోయింది. అది గట్టిపడి, మడమ ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. బాబాయ్ చెయ్యి దానంతటదే వెళ్లి బూటును తిరగేసింది. కింద బయటి అంచు కోసేసినట్టు అరిగి ఉంది.

"ఇలాంటి బూటు వేసుకుని మీ దుకాణానికి ఒకాయన వస్తే ఏం చెబుతారు?" అంది ఆమె.

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "సార్, ఇవి ముందు విప్పేయండి. వీటితో నడిస్తే మీ మోకాలు ఒకవైపు, నడుం ఒకవైపు పోతాయి... అంటాను."

"ఆయన వింటాడా?"

"వినేదాకా వదలను."

భార్య కిటికీలోంచి వీధి చూస్తోంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని వెనకనుంచి కూడా తెలుస్తోంది. "నవ్వు, నవ్వు" అన్నాడు బాబాయ్. అని తనూ నవ్వబోయాడు. నడుం పట్టేసింది. బల్ల పట్టుకుని అలాగే నవ్వాడు. నెలన్నరలో అదే మొదటి నవ్వు.

"అయితే దొంగ దొరికాడన్నమాట" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"ఒక దొంగ దొరికాడు. నడుం నొప్పి ఒంటరి దొంగ పని కాదండీ, ముఠా పని" అంది ఆమె. "బూటు తలుపు తీసింది, అంతవరకే. ముప్పై ఏళ్లుగా ఒక్క కుడిమోకాలి మీదే వాలుతున్నారు, అదొకటి. నడక మానేశారు, అది ఇంకొకటి. రోజంతా కుర్చీలో బిగుసుకుని కూర్చుంటున్నారు. నిద్ర లేదు. అన్నిటికీ పెద్ద ఎవరో తెలుసా? భయం. అరిగిపోయింది, వంగితే విరుగుతుందని మీరు వంగడం మానేశారు. వంగని నడుం ఇంకా బిగుసుకుంటుంది, బిగుసుకుంటే ఇంకా నొప్పి, నొప్పెడితే ఇంకా భయం. మీరు జాగ్రత్త అనుకుంటున్నదంతా ఆ ముఠాకి అన్నం పెట్టడమే."

"మరి వంగొచ్చా?"

"వంగాలి. కొంచెం కొంచెంగా. నడుం ఉన్నదే వంగడానికి."

ఎన్నాళ్లకు వినబడిన మాట! బాబాయ్ ఆ మాటను జేబులో పెట్టుకున్నట్టు భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆమె చెప్పింది పెద్ద కష్టమేమీ కాదు. రోజుకు రెండుసార్లు పది నిమిషాల నడక, వారం వారం అయిదేసి నిమిషాలు పెంచాలి. కుర్చీ వీపు పట్టుకుని మెల్లిగా వంగి లేవాలి. అరగంట మించి ఒకచోట కూర్చోకూడదు. బెల్టు బీరువాలో పెట్టాలి. పరుపు మళ్లీ వేసుకోవాలి. అన్నిటికంటే ముందు సరైన బూట్లు కొనుక్కోవాలి.

కొనుక్కోవాలి! మర్నాడు దుకాణం తెరవగానే బాబాయ్ యజమానురాలి దగ్గరికెళ్లి, సంగతంతా దాచకుండా చెప్పి, "ఏడో నంబరు నల్లబూట్లు ఒక జత ఇప్పించమ్మాయ్" అన్నాడు.

"కూర్చోండి బాబాయ్, కొలుస్తాను."

"కొలవడం దేనికి? ఏడు."

ఆమె వినలేదు. కొలత పలక తెచ్చి నేలమీద పెట్టింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన పాదం దానిమీద పడటం అదే మొదలు. ఆమె వంగి చూసింది. కళ్లద్దాలు సవరించుకుని మళ్లీ చూసింది.

"ఎనిమిదిన్నర."

"పలక తప్పు."

ఆమె తన కాలు పెట్టింది. సరిగ్గానే చూపించింది. కొత్తగా చేరిన సేల్స్ అమ్మాయి కాలు పెట్టింది. సరిగ్గానే చూపించింది. ఇక పలకమీద ఎంతమంది కాళ్లు పెట్టించినా లాభం లేదని తేలిపోయింది. ఊళ్లో ప్రతి పాదం నంబరూ నోటికొచ్చిన మనిషికి తన నంబరు తెలియదు. అద్దాల అరలోది ఏడు కాబట్టి తనదీ ఏడే అనుకున్నాడు. అంతే.

"ఎవరికీ చెప్పకమ్మాయ్" అన్నాడు మెల్లిగా.

"చెప్పను. కానీ సేల్స్ అమ్మాయి ఇప్పటికే బయటికెళ్లి చెప్పేసింది."

తర్వాత ఆయనంత చెడ్డ కస్టమర్‌ని ఆ దుకాణం చూసి ఉండదు. ఎనిమిది డబ్బాలు తెరిపించాడు. ఒకటి మెత్తన ఎక్కువైందన్నాడు, ఒకటి వేళ్ల దగ్గర ఇరుకన్నాడు, ఇంకో రంగు లేదా అని కూడా అడిగాడు. నల్లబూట్లలో ఇంకో రంగు ఏముంటుంది? ఆమె ఓపికగా తెచ్చింది. "నాలుగడుగులు నడిచి చూడండి సార్, తొందరేం లేదు" అంది. అది ఆయన నేర్పిన మాటే. నడిచాడు. కాళ్లకింద నేల సమంగా ఉంది. వేళ్లు విచ్చుకున్నాయి. ఇంత చోటు ఉంటుందా బూట్లో, అనుకున్నాడు.

బూట్లు మార్చగానే నొప్పి ఎగిరిపోయిందని రాస్తే మీరు నమ్మకూడదు, నేను రాయనూ కూడదు. నాలుగో రోజున నడక కాస్త ఎక్కువై నడుం మళ్లీ పట్టేసింది. బాబాయ్ పరుపు ఎక్కి, ఇక అయిపోయిందని గోడవైపు తిరిగాడు. భార్య డాక్టరమ్మకు ఫోన్ కలిపి ఆయన చెవికి ఆనించింది.

"నొప్పి రావడం వేరు, దెబ్బ తగలడం వేరు" అంది ఆవిడ. "ఇవాళ సగం నడవండి. మానకండి."

సగం నడిచాడు. మర్నాడు ముప్పావు. రెండో వారం చివర ముక్కాలిపీట మీద కాలు పెట్టి తన తాళ్లు తనే కట్టుకున్నాడు. భార్య చేతులు కట్టుకుని నిలబడి చూసి, "ముడి వదులుగా ఉంది. నా చెయ్యి పడితే ఇలా ఉండేదా?" అంది. మూడో వారం ఆటో మానేశాడు. నాలుగో వారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎడమమోకాలు నేలకు ఆనించి, కుర్చీ కాలుకు బూటు తొడుగుతున్నట్టు సాధన చేశాడు. భార్య తలుపు తీసుకుని వచ్చి చూసింది. "కుర్చీకి ఎన్నో నంబరు?" అని మాత్రం అడిగి వంటింట్లోకి పోయింది.

అయినా దుకాణంలో ఆయన కుర్చీ కుర్చీలాగే ఉంది. స్కూళ్లు తెరిచే వారం వచ్చేసింది. యజమానురాలు ఏమీ అనలేదు, ఆయనా అడగలేదు. అడిగితే వద్దంటుందేమోనని ఒక బెంగ, సరేనంటే నిజంగా చేయగలనా అని ఇంకో బెంగ. కాకపోతే అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేసి వచ్చేవాడు.

శనివారం పొద్దున పదకొండుకి దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. తల్లులు, తండ్రులు, అమ్మమ్మలు, ఏడ్చేవాళ్లు, ఒంటికాలితో గెంతేవాళ్లు. నడుమ బెంచీమీద అయిదేళ్ల పాప ఒకతె పెదవి బిగించి కూర్చుంది. పక్కన వాళ్ల అమ్మమ్మ. కింద సేల్స్ అమ్మాయి చెమటలు కక్కుతూ పిల్లల సైజుల్లో తొమ్మిదో నంబరు బూటు తోస్తోంది. ఎక్కడం లేదు.

"చిన్నదైంది. పది కూడా ఎక్కేట్టు లేదు, పదకొండే తెస్తాను" అంది సేల్స్ అమ్మాయి.

బాబాయ్ గుమ్మం దగ్గరనుంచే చూశాడు. ఆ పాదం తొమ్మిదే. పాప వేళ్లు ముడుచుకుని కూర్చుంది. కొత్త బూటంటే భయపడే పిల్లలంతా చేసే పనే. అమ్మానాన్నలు గాభరాపడి పెద్ద సైజు కొనేస్తారు. ఆ పిల్ల మెట్లమీద బూటు జారి పడుతుంది, లేకపోతే ఏడాదంతా కాళ్లీడ్చుకుంటూ నడుస్తుంది.

"వేళ్లు ముడిచింది! తోయకండి!" అని కేకేశాడు. ఆ గోలలో ఎవరు వింటారు? సేల్స్ అమ్మాయి లేచి పదకొండో నంబరు డబ్బా అందుకుంటోంది.

బాబాయ్ లేచాడు. జనాన్ని తప్పించుకుంటూ బెంచీ దగ్గరకొచ్చాడు. ఒక్క క్షణం నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టాలనిపించింది, బిగబట్టలేదు. ఎడమమోకాలు నేలకు ఆనించాడు. నడుం ముందుకు వంగింది. లోపల ఏదో పెద్దమనిషి సణిగినట్టు సణిగింది గానీ, గొళ్లెం మాత్రం పెట్టలేదు.

"ఈ కాల్లో ఎన్ని వేళ్లున్నాయి?" అన్నాడు పాపతో.

"అయిదు."

"నాకు నాలుగే కనిపిస్తున్నాయే. ఒకటి ఎవరికైనా ఇచ్చేశావా?"

పాపకు కోపం వచ్చింది. అయిదూ చూపించడానికి వేళ్లు బారుగా చాపింది. అదే అదనుగా మడమ కింద అరచెయ్యి పెట్టి ఒక్కసారి జరిపాడు. తొమ్మిదో నంబరు బూటు మెత్తగా లోపలికి వెళ్లిపోయింది.

"లేచి నిలబడు తల్లీ. గెంతు చూద్దాం."

పాప గెంతింది. మళ్లీ గెంతింది. ఇక ఆపమన్నా ఆపలేదు. అమ్మమ్మ రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. సేల్స్ అమ్మాయి పదకొండో నంబరు డబ్బా పట్టుకుని అలాగే చూస్తోంది. "ముందు వేళ్లు చాపించాలి. మీకు ఇంకో నాలుగు ఉపాయాలు చెబుతాను, అవి ఉంటే మీకు తిరుగులేదు" అన్నాడు ఆమెతో.

గల్లాపెట్టె దగ్గరనుంచి యజమానురాలు ఇదంతా చూస్తూనే ఉంది. చేతిలో పని వదిలేసి వచ్చి ఆయన ముందు వంగింది.

"బాబాయ్, లేవగలరా? చెయ్యి ఇవ్వనా?"

"లేవగలనమ్మాయ్. కానీ లేచి ఏం చేయను? ఇంకా పదిహేనుమంది పిల్లలున్నారు."

"నొప్పిగా ఉందా, నిజం చెప్పండి."

కొనేవాళ్ల ముందు ఇన్నాళ్లుగా దాచిన మాట. చుట్టూ జనం. పాప వాళ్ల అమ్మమ్మ కూడా చెవి ఒగ్గి వింటోంది. బాబాయ్ దాచలేదు.

"ఉంది. కొంచెం ఉంది. కుర్చీలో కూర్చున్నప్పటికంటే తక్కువే ఉంది."

"సరే. అయితే ఒక షరతు. ముగ్గురు పిల్లలకోసారి లేచి, గోదాము దాకా నడిచి రావాలి."

"అయిదుగురికి."

"ముగ్గురు."

"నలుగురు. ఇదే ఆఖరి మాట."

"ముగ్గురంటే ముగ్గురు బాబాయ్. లేకపోతే ఆవిడకు ఫోన్ చేస్తాను."

ఏ ఆవిడకో, డాక్టరమ్మకా ఇంటావిడకా, ఆమె చెప్పలేదు. ఎవరికి చేసినా ప్రమాదమే కాబట్టి బాబాయ్ ఒప్పుకున్నాడు. యజమానురాలు లేచి, సేల్స్ అమ్మాయి వైపు తిరిగి, "ఇకనుంచి కింద పని మీ ఇద్దరిదీ. సోమవారంనుంచి ఆ అయిదు ఉపాయాలూ బాబాయ్ దగ్గర నేర్చుకోండి" అంది. ఆమె "కింద పని", "బాబాయ్" అని ఒకే ఊపిరిలో అనడం బాబాయ్ విన్నాడు. విననట్టు నటిస్తూ, పక్కనే తండ్రి కాలిచాటున దాక్కున్న బుడుగు పాదాల వైపు చూశాడు.

"పదకొండున్నర. ఎడమకాలు కాస్త వెడల్పు" అన్నాడు. "ఇటు రా నాన్నా. నిన్నేం చేయను, బూటు చూపిస్తానంతే."